తొండూరు మిద్దె మీద కమ్మటి నిద్ర

పులివెందుల బస్టాండులో ముద్దనూరు వైపు పోయే పల్లెవెలుగు బస్సెక్కితే తొండూరు ఎంతో దూరం కాదు. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలైంది. అప్పట్నుంచీ ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టుకు డబ్బుల్లేవు. అందుకేనేమో, బస్సు నిండా ఆడవాళ్ళే! ఒకామె ఒళ్ళో చీనీకాయల సంచి, ఇంకొకామె కాళ్ళ దగ్గర అరటిగెల, కిటికీ పక్కన ఓ కొత్త పెళ్ళికూతురు చేతిలో బట్టల షాపు కవర్లు. మాటలు, నవ్వులు, పిల్లల ఏడుపులు. ఇంత సందడిలోనూ ఒక్క సంగతి గమనించాను. అంత ఎండలో ఒక్కరి చేతిలోనూ నీళ్ళ సీసా లేదు. ఉన్నవాళ్ళు కూడా పిల్లలకు తాగించడానికే తప్ప తాము మూత విప్పలేదు.

"నీళ్ళు తాగరా అక్కా?" అని పక్కనున్నామెను అడిగితే నవ్వేసింది.

"తాగితే మళ్ళ పోవాల గదా పాపా! యాడికని పోయేది?"

ఆ ఒక్క మాట చాలు. మనలో ఎంతమందికి అది రోజూ ఉండే లెక్కో మీకు వేరే చెప్పాలా? పెళ్ళికి పోతున్నామంటే, సినిమాకు పోతున్నామంటే, ఆఖరికి తిరుపతి క్యూలో నిలబడుతున్నామన్నా ముందు రోజు నుంచే నీళ్ళు తగ్గించేస్తాం. వచ్చినా ఆపుకుంటాం. అలా ఆపుకోవడం అలవాటైపోయిన ఒంటికి రాత్రి పడుకున్నాక కూడా వదులవ్వడం తెలియదు. నిద్ర పట్టకపోవడానికి మనం మనోవ్యాధిని, దోమల్ని, మొగుడి గురకని తిట్టుకుంటాం గానీ, నడుం కింద బిగుసుకుపోయిన ముడి ఒకటుందని ఎవరూ చెప్పరు. తొండూరులో మా పెద్దమ్మ కూతురింట్లో గడిపిన మూడు రోజుల్లో నేను తెలుసుకున్నది ఆ ముడి గురించే.

రేనాటి నేల

తొండూరు కడప జిల్లాలో మండల కేంద్రం. ఎన్నికలకు పులివెందుల నియోజకవర్గం కిందికి వస్తుంది. ఇటు పోతే ముద్దనూరు, అక్కడ చెన్నై నుంచి ముంబయి పోయే రైలు మార్గం తగులుతుంది. ఇంకా ముందుకు పోతే జమ్మలమడుగు, పెన్నేరు కొండను చీల్చుకుని పారే గండికోట. మరో పక్క బంగారానికీ బట్టలకూ పేరుపడ్డ ప్రొద్దుటూరు. ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ళలోనే క్రీస్తు శకం 575 ప్రాంతపు తెలుగు శాసనం దొరికింది. రేనాటి చోళుల కాలం నాటిది. మన భాషను మొదట రాతి మీద చెక్కించింది ఈ సీమవాళ్ళేనన్నమాట!

మీ వంటింటి గట్టు మీద నల్లబండ ఉంటే దాన్ని ఒకసారి తడిమి చూడండి. కడప బండ అని మనమంతా పిలుచుకునేది ఈ జిల్లాదే. ఇక్కడ పాత ఇళ్ళ అరుగులు, నడవలు, మిద్దెలు అన్నింటికీ బండ పరుపే. పగలంతా ఎండకు కాగిన ఆ బండ చీకటి పడ్డాక కూడా చాలాసేపు వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనం సంగతి మళ్ళీ చెబుతాను, గుర్తు పెట్టుకోండి.

వాన తక్కువ సీమ ఇది. వానాకాలంలో చెనిక్కాయ, నల్లరేగడిలో శనగ, నీళ్ళున్నచోట చీనీ, అరటి. ఏ పంటలో చూసినా వంగి కూర్చుని చేసే పనంతా ఆడవాళ్ళదే. కలుపు తీయడం, కాయ ఒలవడం, శనగ పీకడం... పొద్దున ఏడింటికి చేలోకి దిగితే మళ్ళీ ఇల్లు చేరేదాకా చాటు దొరకదు. చెట్టు లేదు, పుట్ట లేదు. పక్క చేలో మగవాళ్ళుంటారు. ఇంకేముంది, ఆపుకోవడమే!

ఒకప్పుడు ఇంట్లోనూ అంతే కదా. తెల్లవారుజామున చీకటుండగానే చెంబు పట్టుకుని పోవాలి, లేదా పొద్దుగూకేదాకా ఓర్చుకోవాలి. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలయ్యాక ఊళ్ళలో ఇంటింటికీ మరుగుదొడ్లు వచ్చాయి. అది చిన్న మేలు కాదు. కానీ చేలో, సంతలో, బస్సులో పరిస్థితి పెద్దగా మారలేదు. పైగా ఇరవై ఏళ్ళు ఆపుకున్న ఒళ్ళు, దొడ్డి కట్టించిన మర్నాటి నుంచే ఆ అలవాటు మరిచిపోతుందా?

చీర ఉయ్యాల

మా అక్క ఇంట్లో మనవడికి చీర ఉయ్యాల కట్టి ఉంది. నాకు ఈ విషయమంతా అర్థమయ్యేలా చెప్పడానికి అక్క దాన్నే చూపించింది.

మన నడుం ఎముకల గూటికి అడుగున, ముందున్న ఎముక నుంచి వెనక తోకెముక దాకా కండరాలు అచ్చం చీర ఉయ్యాలలా వేలాడుతుంటాయి. వాటిని కటి కండరాలంటారు. డాక్టర్లు పెల్విక్ ఫ్లోర్ అంటుంటారు. మూత్రాశయం, గర్భసంచి, పెద్దపేగు చివర భాగం, అన్నింటినీ కింద నుంచి మోసేవి అవే. మూత్రం, మలం ఆపుకునేటప్పుడు బిగిసేవీ అవే. వెళ్ళేటప్పుడు వదులవ్వాల్సిందీ అవే. కాన్పులో బిడ్డకు దారిచ్చేదీ ఆ ఉయ్యాలే.

ఇంకో చిత్రం ఉంది. మనం ఊపిరి లోపలికి పీల్చినప్పుడు ఛాతీకి, పొట్టకు మధ్యనున్న పొర కిందికి దిగుతుంది. దానితో పాటు ఈ ఉయ్యాల కూడా కాస్త కిందికి జారి వదులవుతుంది. ఊపిరి వదిలితే రెండూ పైకి వస్తాయి. అంటే ఊపిరి నిండుగా పీల్చే మనిషికి కటి కండరాలు రోజంతా మెల్లగా ఊగుతూనే ఉంటాయి. మరి మనం? పొట్ట కనపడకూడదని లోపలికి పీల్చి, పావడా బొందు గట్టిగా బిగించి, పైపైన ఊపిరి తీస్తుంటాం. ఉయ్యాల ఊగేదెప్పుడు?

భయం వేసినా అంతే. ఉలిక్కిపడితే భుజాలు, దవడ బిగుసుకున్నట్టే ఈ కండరాలూ బిగుసుకుంటాయని పరిశోధనల్లో తేలింది. అప్పుల దిగులు, ఎదిగిన కూతురి పెళ్ళి దిగులు, ఇంటికి ఆలస్యంగా వచ్చే మగమనిషి కోసం ఎదురుచూపు... అన్నీ అక్కడికే చేరి ముడిపడతాయి.

ఆ ముడి ఉన్నట్టు ఎలా తెలుస్తుంది? మూత్రానికి కూర్చుంటే వెంటనే రాదు. వచ్చినా ఇంకా మిగిలిందనిపిస్తుంది. రాత్రి రెండు మూడు సార్లు లేవాల్సి వస్తుంది. మలబద్ధకం, ముక్కడం. నడుం కింద, తొడల సందుల్లో, తోకెముక దగ్గర నొప్పి, బరువు. భార్యాభర్తల కలయికలో నొప్పి కూడా దీనివల్ల రావచ్చు. ఈ చివరిది మనం నోరు తెరిచి ఎవరికీ చెప్పుకోం. అందుకే ఇక్కడ వ్రాస్తున్నాను.

"తీసేయించుకో, ఓ పనైపోతుంది"

మా అక్కకు నలభై రెండో ఏట పొత్తికడుపులో బరువు, నడుంనొప్పి పట్టుకున్నాయి. రాత్రి నిద్ర లేదు. పట్నంలో ఒక ఆసుపత్రికి పోతే, స్కానింగులో పెద్దగా ఏమీ కనపడకపోయినా, "పిల్లలు పుట్టేశారు కదమ్మా, ఇంకెందుకు, గర్భసంచి తీసేయించుకో" అన్నారట. చుట్టుపక్కల ఆడవాళ్ళదీ అదే మాట. "నేను తీయించుకున్యా, ఆమె తీయించుకునె, నీకేమైతాది మే?"

ఇది మా అక్క ఒక్కదాని కథ కాదు సుమండీ! జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూడండి. 2015-16లోనూ, మళ్ళీ 2019-21లోనూ ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో నూటికి దాదాపు 9 మందికి గర్భసంచి తీసేసి ఉంది. దేశం మొత్తం మీద చూస్తే నూటికి 3 మందికే. మన రాష్ట్రంలో మూడు రెట్లన్నమాట! అవసరం లేకుండా ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయన్న కేసులో, వీటిని అరికట్టడానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలు అమలు చెయ్యాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

గర్భసంచి ఆపరేషన్ అవసరమైన జబ్బులు లేవని కాదు. క్యాన్సరుంటే, పెద్ద గడ్డలుంటే, మందులకు ఆగని రక్తస్రావముంటే, అది ప్రాణం నిలబెడుతుంది. కానీ నొప్పి కండరాల బిగువు వల్ల వచ్చినప్పుడు సంచి తీసేస్తే నొప్పి ఎలా పోతుంది? దానితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్లు ఆగిపోయే దశ ఒక్కసారిగా మీద పడుతుంది. ఒంట్లో ఆవిర్లు, ఎముకల బలహీనత, ఉన్న కాస్త నిద్ర కూడా పోవడం... ఇన్ని ఉన్నాయి.

అక్క అదృష్టం ఏమంటే, వాళ్ళ పెద్ద కూతురు పట్టుబట్టి ఇంకో లేడీ డాక్టరుకు చూపించింది. ఆమె నిదానంగా పరీక్ష చేసి, "సంచి బాగుందమ్మా. కండరాలు రాయిలా బిగుసుకున్నాయి" అని చెప్పి ఫిజియోథెరపీకి పంపిందట. అక్కడ నేర్చుకున్నవే అక్క ఇప్పటికీ రోజూ రాత్రి మిద్దె మీద చేస్తుంది. ఆపరేషన్ జరగలేదు. ఒక్క వారంలో కాదు, మూడు నెలలు పట్టింది గానీ నొప్పి తగ్గింది, నిద్ర వచ్చింది.

మీకూ ఇలా ఎవరైనా చెబితే ఒక్క డాక్టరు మాటతో ఆపరేషన్ బల్ల ఎక్కకండి. రెండో డాక్టరు అభిప్రాయం అడగడం మర్యాద తక్కువ పనేమీ కాదు. "నాకున్న జబ్బు పేరేంటి? మందులతో తగ్గదా? అండాశయాలు ఉంచుతారా?" అని మూడు ప్రశ్నలు వేయండి. అడగడానికి మొహమాటపడితే నష్టం మన ఒంటికే.

బిగించడమా, వదలడమా?

చాలామంది చదివే ఉంటారు, కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామాలుంటాయని. కెగెల్ వ్యాయామాలు అంటారు. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ డాక్టరు 1948లో వీటి గురించి ప్రకటించాడు. కాన్పుల తరువాత దగ్గితే, తుమ్మితే మూత్రం చుక్కలు పడేవాళ్ళకు అవి చాలా మంచివి. అక్కడ ఉయ్యాల సాగిపోయింది, బిగించాలి. కానీ మన కథలో ఉయ్యాల ముందే బిగుసుకుపోయి ఉంది. దాన్ని ఇంకా బిగిస్తే నొప్పి ఎక్కువవుతుంది. కొందరికి రెండూ కలిసి ఉంటాయి. అప్పుడు పరీక్ష చేసి చెప్పేవాళ్ళ మాట వినాల్సిందే. ఇక్కడ చెప్పేవన్నీ వదులు చేసుకునే పద్ధతులు మాత్రమే.

జేజి మాట, వేన్నీళ్ళ మూట

అక్క వాళ్ళ అత్తగారిని ఇంట్లో అందరూ జేజి అంటారు. పళ్ళు లేవు గానీ మాట మాత్రం పదును. మేమిద్దరం ఇదంతా మాట్లాడుకుంటుంటే, "దీనికి అంత సదువు గావల్నా? బాలింతకు మేం వావిలాకు ఏసి కాంచిన నీళ్ళు పోసేవాళ్ళం. నడుముకు ఆముదం రుద్దేవాళ్ళం. ఒళ్ళు మెత్తబడి, తల్లీ పిల్లా ఇద్దరూ పండుకునేటోళ్ళు" అంది.

జేజి మాటలో నిజముంది. వెచ్చదనం తగిలితే ఏ కండరమైనా వదులవుతుంది. అందుకే రాత్రి పడుకునే గంట ముందు గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేస్తే నిద్ర తొందరగా వస్తుంది. వేడినీళ్ళ సంచి లేకపోతే గుప్పెడు రాళ్ళ ఉప్పు వేయించి పాత గుడ్డలో మూటకట్టి, పొత్తికడుపు మీద, నడుం కింద కాపడం పెట్టుకోవచ్చు. పది పదిహేను నిమిషాలు చాలు. మూట వేడి ముందు మోచేతి లోపలి వైపు చూసుకోండి. చక్కెర జబ్బుతో స్పర్శ తగ్గినవాళ్ళు, గర్భవతులు పొట్ట మీద కాపడం పెట్టుకోకూడదు.

ఇక బాలింత నడుముకు గుడ్డ బిగించి కట్టే ఆచారం ఉంది కదా, అది ఊతానికి మాత్రమే ఉండాలి. ఊపిరి ఆడనంత బిగిస్తే బరువంతా కింద ఉయ్యాల మీదే పడుతుంది.

ఆ పూట భోజనం రాగి సంగటి, గోగాకు పప్పు. జొన్న, కొర్ర, రాగి తినే ఇంట్లో మలబద్ధకం బాధ తక్కువ. పీచు, నీళ్ళు కలిస్తేనే మలం మెత్తబడుతుంది. ముక్కే అవసరం లేకపోతే కటి కండరాలకు సగం బరువు దిగినట్టే. సంగటి చెయ్యడం తెలియనివాళ్ళకు: గ్లాసు బియ్యం నాలుగున్నర గ్లాసుల నీళ్ళలో మెత్తగా ఉడికించాలి. నీళ్ళు కాస్త మిగిలి ఉండగానే ఒకటిన్నర గ్లాసుల రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి, కలపకుండా మూతపెట్టి సన్నసెగ మీద ఐదారు నిమిషాలు ఉంచాలి. తరువాత దించి సంగటి కట్టెతో ఉండలు లేకుండా గెలికి, చేతికి తడి చేసుకుని ముద్దలు చేసుకోవాలి. వేడివేడిగా నెయ్యి వేసుకుని ఎనిమిదింటికల్లా తినేస్తే పడుకునే వేళకు పొట్ట తేలికవుతుంది.

మిద్దె మీద ఇరవై నిమిషాలు

తొమ్మిదిన్నరకు గిన్నెలు కడగడం అయ్యాక అక్క చాప, రెండు దిండ్లు తీసుకుని మిద్దెక్కింది. వెనకే నేను. బండ ఇంకా వెచ్చగానే ఉంది. ఊరు సద్దుమణిగింది. ఎక్కడో ఓ ట్రాక్టరు చప్పుడు, ఆకాశం నిండా చుక్కలు. అక్క చెప్పినవి, చేయించినవి వరసగా ఇస్తున్నాను. మీ ఇంట్లో మిద్దె లేకపోతే నేల మీద చాప, లేదా మంచమైనా సరే.

మొదటిది ఊపిరి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళ కింద దిండు పెట్టుకోండి. పావడా బొందు వదులు చేసుకోండి, ఇది మరిచిపోవద్దు. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి పొట్ట మీద. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చండి. పొట్ట మీది చెయ్యి లేవాలి, ఛాతీ మీది చెయ్యి కదలకూడదు. ఆరు అంకెలసేపు వదలండి. పీల్చేటప్పుడు ఆ చీర ఉయ్యాల కిందికి జారుతున్నట్టు మనసులో అనుకోండి. ముక్కకూడదు, తొయ్యకూడదు. ఐదు నిమిషాలు.

రెండోది మోకాళ్ళు. ఒక మోకాలు పొట్ట వైపుకు తెచ్చి రెండు చేతులతో పట్టుకుని ఐదారు ఊపిరులు. తరువాత రెండోది. ఆ తరువాత రెండూ కలిపి, మోకాళ్ళు ఎడంగా పెట్టి, ఉయ్యాలలో పసిపిల్లలా అటూ ఇటూ మెల్లగా ఊగండి. నడుం కింది నొప్పికి ఇది తియ్యగా ఉంటుంది.

మూడోది సీతాకోకచిలుక. పడుకునే ఉండి రెండు అరికాళ్ళూ కలిపి, మోకాళ్ళను పక్కలకు వాలనివ్వండి. బద్ధకోణాసనమే, పడుకుని చేస్తున్నామంతే. మోకాళ్ళ కింద చెరో దిండు తప్పనిసరి. ఊతం లేకపోతే తొడలు బిగుసుకుంటాయి, చేసిన ఫలితం ఉండదు. మూడు నిమిషాలు.

నాలుగోది బాలాసనం. మోకాళ్ళు ఎడంగా పెట్టి కూర్చుని, ముందుకు వంగి, దిండు మీద తల ఆనించండి. వీపు వెనక భాగానికి ఊపిరి పోతున్నట్టు అనిపిస్తుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు దీన్ని వదిలేసి, పీట మీద కూర్చుని మంచం పట్టె మీద చేతులు, తల ఆనిస్తే సరిపోతుంది.

ఐదోది కాళ్ళు మంచం మీద. నేల మీద పడుకుని పిక్కలు రెండూ మంచం మీద పెట్టుకోండి. రోజంతా నిలబడి వాచిన కాళ్ళకు ఇంతకన్నా సుఖం లేదు. ఐదు నిమిషాలు. సాయంత్రం పూట కూడా ఓసారి ఇలా చేస్తే, పగలంతా కాళ్ళలో చేరిన నీరు ముందే దిగి, రాత్రి మూత్రానికి లేచే బాధ కొంత తగ్గుతుంది.

ఆరోది శవాసనం. పిడికిళ్ళు బిగించి వదలండి. భుజాలు చెవుల దాకా ఎత్తి వదలండి. పళ్ళు కాస్త ఎడం చేసి దవడ వేలాడనివ్వండి. ఇలా ఒక్కో కండరాన్నీ బిగించి వదిలే పద్ధతి మీద ఎడ్మండ్ జాకబ్సన్ అనే అమెరికన్ డాక్టరు 1929లోనే పుస్తకం వ్రాశాడు. కాకపోతే కటి దగ్గరికి వచ్చేసరికి బిగించకండి, వదలడం మాత్రమే చెయ్యండి. పిరుదులు చాప మీదికి పరుచుకున్నట్టు వదిలేయండి. తరువాత కుడి బొటనవేలు, చూపుడువేలు, అరచెయ్యి, మోచెయ్యి... అని ఒక్కో అవయవాన్నీ మనసుతో తాకుతూ పోండి. బీహారులోని ముంగేరులో స్వామి సత్యానంద సరస్వతి ప్రచారంలోకి తెచ్చిన యోగనిద్రలో కూడా ఇలా శరీరమంతా తిరిగి రావడమే ముఖ్యం.

నేను ఎడమ మోకాలి దాకా వచ్చినట్టు గుర్తు. తరువాత కోడి కూతే!

పగటిపూట చెయ్యాల్సినవి

రాత్రి ఇరవై నిమిషాలు ముడి విప్పి, పగలు పద్నాలుగు గంటలు ముడి వేసుకుంటే లాభమేముంది? అందుకని:

మూడు నాలుగు గంటలకోసారి మూత్రానికి వెళ్ళండి. అలాగని బయటికి పోయే ప్రతిసారీ రాకపోయినా ముందుజాగ్రత్తగా వెళ్ళడం కూడా మంచిది కాదు, సంచి నిండకముందే తొందర పెట్టడం దానికి అలవాటైపోతుంది. నీళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా బాగా తాగి, పడుకునే రెండు గంటల ముందు నుంచి తగ్గించండి. సాయంత్రం నాలుగు దాటాక కాఫీ, టీ మానండి. అవి మూత్రాశయాన్నీ రేపుతాయి, నిద్రనూ చెడగొడతాయి.

మూత్రానికి కూర్చున్నప్పుడు తొయ్యకండి. సీటు మీద కూర్చోకుండా గాలిలో వంగి నిలబడి పోయడం వల్ల కండరాలు వదులవ్వవు. మన పాత పద్ధతిలో గొంతుక్కూర్చోవడం మలవిసర్జనకు చాలా అనుకూలం. మోకాళ్ళు బాగుంటే దాన్ని వదులుకోకండి. ఇంగ్లీషు పద్ధతి దొడ్డి ఉన్నవాళ్ళు పాదాల కింద చిన్న పీట వేసుకుని, మోకాళ్ళు నడుం కన్నా కాస్త పైకి వచ్చేలా కూర్చుంటే అదే ఫలితం.

పడుకునే ముందు సెల్‌ఫోను, టీవీ సీరియల్ గొడవలు కట్టిపెట్టండి. రాత్రి ఎప్పుడు పడుకున్నా పొద్దున ఒకే వేళకు లేవండి. నిద్ర రాకపోతే మంచం మీద పొర్లకుండా లేచి కాసేపు కూర్చుని, కళ్ళు మూతలు పడుతున్నప్పుడే మళ్ళీ పడుకోండి.

ఎవరు డాక్టరు దగ్గరికి పోవాలి?

ఐదో నెల దాటిన గర్భవతులు ఎక్కువసేపు వెల్లకిలా పడుకోకూడదు. ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని ఊపిరి మాత్రం చెయ్యండి. ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్ళు, నడుంలో డిస్కు జారినవాళ్ళు అడిగి చెయ్యాలి.

మూత్రంలో మంటతో జ్వరం, మూత్రంలో గానీ మలంలో గానీ రక్తం, ముట్లు ఆగిపోయాక మళ్ళీ రక్తం కనపడటం, కింద ఏదో జారి బయటికి వచ్చినట్టుండటం, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటికి మిద్దె వైద్యం పనికిరాదు. వెంటనే చూపించుకోండి. కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, కాళ్ళు ఉన్నట్టుండి బలహీనపడినా, మూత్రం పూర్తిగా బంద్ అయినా ఆ రాత్రే ఆసుపత్రికి పోవాలి.

చివరగా ఓ మాట. తొండూరుకు పోయేవాళ్ళు గండికోట, పాపాఘ్ని ఒడ్డున గండి ఆంజనేయస్వామి గుడి చూసి రండి, మరిచిపోలేని చోట్లు. వీలైతే అక్కడి చేలగట్ల మీద నిలబడి ఓసారి చుట్టూ చూడండి. వందమంది ఆడవాళ్ళు పనిచేసే చోట నాలుగు తడికెలు కట్టి చాటు చెయ్యడానికి ఎంత ఖర్చవుతుంది? సంత పెట్టే పంచాయతీని, కూలికి పిలిచే రైతును ఈ మాట మనమే అడగాలి. సంఘాల మీటింగుల్లో పొదుపు లెక్కలతో పాటు ఇదీ ఓ లెక్కగా చెప్పుకోవాలి.

మన ఇళ్ళలో కూడా ఒక మార్పు రావాలి. ప్రయాణంలో మగపిల్లాడు అడిగితే బస్సు ఆపిస్తాం. ఆడపిల్ల అడిగితే "కాసేపు ఆపుకో, ఇంటికి పోయినాక పోదువులే" అంటాం. ఆ "ఆపుకో" దగ్గరే మొదటి ముడి పడుతుంది. ఈసారి మీ అమ్మాయి అడిగినప్పుడు ఎంత పనున్నా లేచి, చెయ్యి పట్టుకుని, చోటు వెతికి తీసుకుపోండి.